ఖాళీ గర్భసంచి పంపే కబురు

ఎద సూది (కృత్రిమ గర్భధారణ) వేయించిన ఆవు 21 రోజులకు మళ్లీ అరవడం మొదలుపెడితే, "పొర్లింది, చూడి నిలవలేదు" అంటాడు రైతు. సరే, చూడి నిలవలేదని దాని అండాశయానికి చెప్పిందెవరు?

అండం విడుదలైన చోట అండాశయం మీద ఓ ముద్ద పెరుగుతుంది. ఆవులో అది నిజంగానే పసుపు, నారింజ కలిసిన రంగు. పేరూ అదే: కార్పస్ లూటియం, లాటిన్‌లో పసుపు ముద్ద. అందులోంచి ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ ఊరినన్నాళ్లూ పశువు ఎదకు రాదు. చూడి నిలవకపోతే ఆ ముద్ద కరిగిపోతుంది, అప్పుడే మళ్లీ ఎద.

1923లో అమెరికాలో లియో లోబ్ అనే శాస్త్రవేత్త గినీపందులకు గర్భసంచి తీసేశాడు, అండాశయాల జోలికి పోలేదు. అయినా పసుపు ముద్దలు వేళకు కరగలేదు. చూడితో ఉన్నట్టే వారాల తరబడి నిలిచిపోయాయి. అంటే వాటిని కరిగించే పని గర్భసంచిదే! ఏ పదార్థంతో అన్నది తేలడానికి మాత్రం దాదాపు అర్ధశతాబ్దం పట్టింది. 1969లో ఎలుకల్లో ప్రోస్టాగ్లాండిన్ ఎఫ్2 ఆల్ఫా మీద అనుమానం పడింది. 1972లో మెక్‌క్రాకెన్ బృందం గొర్రెల్లో దాన్ని ఖాయం చేసింది.

నాకు అంతకంటే వింతగా తోచేది అది వెళ్లే దారి. గొర్రెలో పసుపు ముద్ద ఉన్న వైపు గర్భసంచి కొమ్మును తీసేస్తే ముద్ద నిలుస్తుంది. రెండో వైపుది తీస్తే మామూలుగానే కరిగిపోతుంది. గుండె దాకా వెళ్లి ఊపిరితిత్తుల్లో పడితే ఈ పదార్థం చాలామటుకు ఒక్క చుట్టులోనే నాశనమైపోతుంది. అందుకే పెద్ద రోడ్డెక్కదు, పక్కింటి గోడ దూకుతుంది. గర్భసంచి నుంచి వచ్చే సిరను అండాశయ ధమని తీగలా మెలికలు తిరిగి అల్లుకుని ఉంటుంది. సిరలోది ధమనిలోకి ఇంకి, నేరుగా అండాశయానికి చేరుతుంది. గుర్రంలో ఈ అల్లిక లేదు, కబురు ఒళ్లంతా తిరిగే రక్తంలోనే పోతుంది. ఆడవాళ్లలోనైతే గర్భసంచి తీసేసినా అండాశయం నెలనెలా తన పని తాను చేసుకుపోతుంది.

చూడి కడితే? ఆవులో పిండం ఇంటర్‌ఫెరాన్ టావ్ అనే ప్రోటీన్ విడుదల చేసి, ఆ కబురు వెళ్లకుండా ఆపుతుంది.

పశువులన్నిటినీ ఒకేసారి ఎదకు తేవడానికి డాక్టర్లు వేసే ఇంజెక్షన్ ఈ ప్రోస్టాగ్లాండినే, లేదా దాని నకలు. ముద్దకు అయిదు రోజులైనా నిండకపోతే పనిచేయదు. చూడి పశువుకు వేస్తే ఈసుకుపోతుంది. మందు చర్మంలోంచి కూడా ఇంకుతుంది కనుక గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ సీసా ముట్టుకోకూడదు.