సిడ్నీలో పుట్టిన మూడు అంకెలు

మా ఇంట్లో ఒక చిన్న గది ఉంది. 3.6 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల ఎత్తులో సీలింగు. ఇల్లు చూపించిన ఏజెంటు దాన్ని స్టడీ అన్నాడు. నేను పాటల గది అంటాను. మా ఆవిడ ఏమంటుందో ఇక్కడ రాయను.

పోయినేడు అందులో ఒక సబ్‌వూఫర్ పెట్టాను. ఊళ్ళో భజనల్లో ఏళ్ళ తరబడి మృదంగం వాయించిన మా నాన్న, సిడ్నీ వచ్చినప్పుడు ఆ గదిలో కూర్చుని ఒక కచేరీ విన్నారు. ఐదు నిమిషాలయ్యాక అడిగారు, "వీడెవడ్రా, ఒంటి చేత్తో వాయిస్తున్నాడు?" కుడిచేతి శబ్దాలన్నీ ఉన్నాయి. ఎడమ వైపు గుమ్మనే మంద్రం లేదు. దానికోసమే డబ్బు తగలేసి కొన్న పెట్టె మూలన కూర్చుని ఉంది. విచిత్రం ఏమిటంటే, గుమ్మం దగ్గర నిలబడితే ఆ మోత బాగానే వినిపిస్తోంది.

పెట్టెది తప్పా, గదిది తప్పా అని వెతుకుతూ పోతే, ఈ శాస్త్రం సగం నేనుంటున్న ఊళ్ళోనే పుట్టిందని తెలిసింది.

స్పీకర్ పెట్టెకి ఒక కన్నం పెట్టి మంద్రాన్ని పెంచే ఉపాయం పాతదే. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన ఆల్బర్ట్ థురాస్‌కి 1932లో దాని మీద పేటెంటు వచ్చింది. కానీ ఎంత పెట్టెకి ఎంత కన్నం అంటే చెప్పేవాళ్ళు తక్కువ. కోయడం, వినడం, మళ్ళీ కోయడం. వడ్రంగం ఎక్కువ, లెక్క తక్కువ.

నెవిల్ థీల్ 1920లో బ్రిస్బేన్‌లో పుట్టారు. 1950లలో ఇ.ఎం.ఐ. ఆస్ట్రేలియాలో ఇంజనీరు. 1956లో సిడ్నీలో టెలివిజన్ ప్రసారాలు మొదలైన రోజులవి. ఆ రంగంలో ఇంజనీర్లకి ఫిల్టర్లు నిత్యకృత్యం: ఏ పౌనఃపున్యం దాటనివ్వాలి, దేన్ని ఆపాలి అన్న లెక్కలు. థీల్ చేసిందల్లా, కన్నమున్న పెట్టెలోని స్పీకర్ కూడా ఒక ఫిల్టరే కదా అని చూడటం. అలా చూడగానే, ఫిల్టర్ల కోసం అప్పటికే తయారై ఉన్న గణితమంతా చెక్కపెట్టెకి పనికొచ్చింది. 1961లో "లౌడ్‌స్పీకర్స్ ఇన్ వెంటెడ్ బాక్సెస్" అనే వ్యాసంలో 28 రకాల అమరికలు పట్టిక వేసి ఇచ్చారు. స్పీకర్ గుణాలు తెలిస్తే చాలు, పట్టికలో చూసుకుని పెట్టె కట్టుకోవచ్చు. ఆ గుణాలు కొలవడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ఒక ఆసిలేటరు, ఒక రెసిస్టరు, ఒక వోల్టుమీటరు చాలు.

ఆ వ్యాసం అచ్చయింది ఆస్ట్రేలియా రేడియో ఇంజనీర్ల సంస్థ పత్రికలో. బయట దేశాల్లో దాన్ని చదివినవాళ్ళు బహు కొద్దిమంది. థీల్ 1962లో ఏ.బి.సి.కి మారి తన పని తను చేసుకుంటూ పోయారు. (తెలుగులో బ్లాగు రాసేవాడికి ఈ భాగం కొంచెం ఎక్కువే నచ్చుతుంది.)

చదివిన కొద్దిమందిలో రిచర్డ్ స్మాల్ ఒకరు. అమెరికన్, కాల్‌టెక్‌లోనూ ఎం.ఐ.టి.లోనూ చదివి సిడ్నీ విశ్వవిద్యాలయానికి వచ్చినవారు. థీల్ మొదలుపెట్టినదాన్ని ఆయన మూసిన పెట్టెలకీ, కన్నం పెట్టెలకీ, అన్నిటికీ విస్తరించారు. అదే ఊళ్ళో ఏ.డబ్ల్యు.ఏ. కంపెనీ ఇంజనీరు ఎర్నెస్ట్ బెన్సన్ కూడా ఇదే విషయం మీద సుదీర్ఘంగా రాశారు. ఆయన పేరు ఇప్పుడు పెద్దగా ఎవరూ తలవరు. 1971లో అమెరికా ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రిక థీల్ వ్యాసాన్ని పదేళ్ళ తర్వాత మళ్ళీ అచ్చేసింది. 1972 నుంచి స్మాల్ వ్యాసాలు అందులోనే వరసగా వచ్చాయి. అప్పట్నుంచీ స్పీకర్ యూనిట్ ఎక్కడ కొన్నా దాని కాగితం మీద ఆ ముఖ్యమైన మూడు అంకెలుంటాయి: ఎక్కడ సహజంగా ఊగుతుంది, ఆ ఊగుడు ఎంత త్వరగా అణుగుతుంది, దాని బిగువు ఎన్ని లీటర్ల గాలి బిగువుతో సమానం. వీటికే థీల్-స్మాల్ పారామీటర్లని పేరు. ఆ స్మాల్ అంటే "చిన్న" అనుకుని నేను చాలాకాలం గడిపాను. మనిషని తెలిసింది ఈమధ్యనే.

స్మాల్ ఇంకో ఉపాయం కూడా చెప్పారు. మైకుని పెట్టె లోపల పెట్టి కొలిస్తే, తక్కువ పౌనఃపున్యాల్లో గది ప్రమేయం లేకుండా స్పీకర్ సంగతి తెలుస్తుంది. నా పెట్టెకి బెజ్జం వేస్తే వారంటీ పోతుంది. అందుకని 1974లో కీల్ అనే అమెరికన్ చెప్పిన పద్ధతి పట్టాను. మైకుని కోను ముందు సెంటీమీటరు దూరంలో పెట్టి కొలిచాను. గీత నున్నగా 30 హెర్ట్జ్ దాకా దిగింది. పెట్టె నిర్దోషి.

తర్వాత మైకుని కుర్చీ దగ్గర, చెవి ఎత్తులో పెట్టాను. 45 నుంచి 75 దాకా పెద్ద గొయ్యి.

నీళ్ళు నింపిన గంగాళాన్ని మోసుకెళ్ళేటప్పుడు చూడండి. నీళ్ళు అటూ ఇటూ అంచుల దగ్గర లేస్తాయి, నడిమధ్య మట్టం కదలదు. గదిలో గాలి ఒత్తిడీ అంతే. ధ్వని వేగం 343 మీటర్లు. దాన్ని పొడవుకి రెట్టింపుతో, అంటే 7.2తో భాగిస్తే 48 హెర్ట్జ్. వెడల్పుకి 57. ఎత్తుకి 71. ఇంజనీరు బుద్ధి కొద్దీ నేను టేపు పెట్టి కొలిచి మరీ కుర్చీని గది నడిబొడ్డున వేశాను. కూర్చుంటే చెవి కూడా దాదాపు సగం ఎత్తులో ఉంటుంది. మూడు గోతులూ ఒకేచోట వెతుక్కుని కూర్చున్నానన్నమాట. ఈక్వలైజరుతో పూడ్చబోయాను. ఎంత పెంచినా ఒత్తిడి అంచుల దగ్గరే పెరిగింది, గోడ మీద ఫోటో ఫ్రేము గిలగిల్లాడింది, పక్కింటాయన తలుపు కొట్టాడు.

కుర్చీని 60 సెంటీమీటర్లు వెనక్కీ, ఒక జానెడు పక్కకీ జరిపాను. 48 దగ్గర 17 డెసిబెల్స్ లోతున్న గొయ్యి 5కి వచ్చింది. 71 దగ్గర మాత్రం కాస్త మిగిలింది, నేల మీద పడుకుని వింటే అదీ ఉండదు.

థీల్ 2012లో పోయారు. నేను సిడ్నీ వచ్చింది ఆ తర్వాతే.

ఇదంతా అయ్యేసరికి నాన్న వీసా గడువు ముగిసి వెళ్ళిపోయారు. మళ్ళీ మార్చిలో వస్తారు. మా ఆవిడ ఊడ్చేటప్పుడు కుర్చీ జరిపేస్తుందని, దాని నాలుగు కాళ్ళ చోట్లా కార్పెట్టు మీద టేపు అంటించి ఉంచాను.