ఫైటిక్స్

లినక్స్‌లో చైనీస్ టైపు చేయడానికి వాడే ఫైటిక్స్ పేరులో ఉన్నవి అయిదు పొడి అక్షరాలు: ఎఫ్, సి, ఐ, టి, ఎక్స్. మొదట్లో వాటిని విప్పితే ‘ఎక్స్ కోసం స్వేచ్ఛా చైనీస్ టైపింగ్ బొమ్మ’ అని వచ్చేది. ఎక్స్ అంటే లినక్స్ తెర మీద కిటికీలు చూపే పాత వ్యవస్థ. బొమ్మ అనడం వినయమే. వేల అక్షరాల లిపిని మామూలు కీబోర్డుకు లొంగదీయడం ఆటేమీ కాదు. తర్వాత అక్షరాలను అలాగే ఉంచి అర్థం మార్చారు: సందర్భం గ్రహించే, పొడిగింపులకు వీలున్న సాధనమని.

ఫైటిక్స్‌ను కంప్యూటరులో పెట్టగానే చైనీస్ రాదు. చైనీస్ ఉచ్చారణను రోమన్ అక్షరాల్లో రాసే పద్ధతైన పిన్‌యిన్ భాగాన్ని చేర్చి, సెట్టింగుల్లో ఎంచుకుని, ఒకసారి లాగవుట్ కావాలి. ఆపైన కంట్రోల్, స్పేస్ కలిపి నొక్కి రోమన్ అక్షరాల్లో ఉచ్చారణ కొడితే సరిపోయే మాటలు వరసగా కనిపిస్తాయి. అంకె నొక్కి ఒకటి ఎంచుకోవాలి. పలు భాషల టైపింగ్ పద్ధతులున్న ఎం17ఎన్ భాగం కూడా చేరిస్తే ఇందులోనే తెలుగూ టైపు చేయవచ్చు.