ఒక క్రీడాదళం ఉత్థాన పతనాలు

గెలుపు ఓటములు కావడికుండల వంటివని మన పెద్దలు చెప్పుదురు. నేడు ఓడినవారు రేపు గెలువవచ్చును. కాని గెలిచినవారే తమ జట్టును తామే విడగొట్టుకొనుట వింత కాదా? అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరపు అథ్లెటిక్స్ అనే బేస్‌బాల్ జట్టు చరిత్రలో ఈ వింత రెండుమార్లు జరిగినది.

బేస్‌బాల్ మన క్రికెట్ వలె బంతి, బ్యాటులతో ఆడే ఆట. జట్టుకు తొమ్మిదిమంది. వృత్తి క్రీడాకారులు జీతం పుచ్చుకొని ఆడుదురు. జట్టు యజమానుల సొత్తు. ఆ కాలంలో ఒక్కొక్క లీగులో ఎనిమిది జట్లు ఉండేవి. ఒక్కొక్క జట్టు ఏటా 154 ఆటలు ఆడవలసి ఉండేది. ఒకసారి ఒప్పందం వ్రాసిన ఆటగాడు తనంత తాను వేరొక జట్టుకు పోరాదు. యజమాని మాత్రం అతనిని సొమ్ముకు అమ్మవచ్చును. ఈ కథకు మూలసూత్రం ఇదే.

1901లో అమెరికన్ లీగు పెద్ద లీగుగా వెలసినప్పుడు అథ్లెటిక్స్ జట్టు అందులో చేరినది. దాని నిర్వాహకులు కాన్నీ మాక్. 1862లో జన్మించిన వీరి పూర్తి పేరు కార్నీలియస్ మెగిలికడీ. మైదానంలో కూడ సూటు ధరించి, చేతిలోని ఆటపట్టికను ఊపుతూ తన క్రీడాకారులకు సంజ్ఞలు చేసేవారు. జట్టులో వాటాదారులు కూడ అయిన ఆయన 1950 వరకు, అనగా ఏబది సీజనులు, దానిని నడిపినారు.

1909లో ఉక్కుతోను, కాంక్రీటుతోను నిర్మితమైన షైబ్ పార్కు ఈ జట్టుకు నివాసమైనది. 1910, 1911, 1913 సంవత్సరాలలో వరల్డ్ సిరీస్ అనే తుదిపోటీలో అథ్లెటిక్స్ విజేతలైనారు. మెకినిస్, కాలిన్స్, బారీ, బేకర్ అనే నలుగురిని ప్రజలు ‘లక్ష డాలర్ల బృందం’ అని పిలిచేవారు. 1914లో కూడ 99 ఆటలు గెలిచి లీగులో మొదటివారైనారు. కాని తుదిపోటీలో, జూలై మాసంలో తన లీగులో అట్టడుగున ఉండిన బోస్టన్ బ్రేవ్స్ జట్టు, వరుసగా నాలుగు ఆటలలో వారిని ఓడించినది.

ఆ ఓటమి కంటె పెద్ద ఆపద వేరొకటి ఉన్నది. 1914లో ఫెడరల్ లీగు అనే పోటీసంస్థ హెచ్చు జీతాలు చూపి ఆటగాండ్రను ఆకర్షింపసాగినది. అథ్లెటిక్స్ ఆటలకు వచ్చే జనం కూడ తగ్గినారు. బంతి విసరుటలో మేటులైన ప్లాంక్, బెండర్ ఫెడరల్ లీగుకు పోయినారు. కాలిన్స్‌ను మాక్ 50,000 డాలర్లకు షికాగోకు అమ్మినారు. బేకర్ జీతం విషయమై తగవుపడి 1915లో ఆడనే లేదు. ఆ ఏట జట్టు గెలిచినవి 43 ఆటలు. 1916లో గెలిచినవి 36, ఓడినవి 117. 1901 తరువాత పెద్ద లీగులలో గెలుపుల నిష్పత్తి ఇంతకంటె దిగజారిన సీజను నేటికిని లేదు. ఏడేండ్లు వరుసగా ఆ జట్టు అట్టడుగుననే ఉండిపోయినది.

మాక్ ఓపికతో మరల నారు పోసినారు. గ్రోవ్, కాక్రన్, సిమన్స్, ఫాక్స్ అనే మేటి ఆటగాండ్రను కూర్చుకొన్నారు. 1929, 1930 సంవత్సరాలలో అథ్లెటిక్స్ మరల వరల్డ్ సిరీస్ విజేతలైనారు. 1929 అక్టోబరు 12న, ఎనిమిది పరుగులు వెనుకబడి ఉండి, ఒక్క విడతలో పది పరుగులు తీసి షికాగో కబ్స్‌ను ఓడించిన ఆట నేటికిని చెప్పుకొనేదే.

ఆ మాసాంతంలోనే న్యూయార్కు షేర్ల బజారు కుప్పకూలినది. కర్మాగారాలు మూతపడినవి, కూలివానికి టిక్కెట్టు కొనే శక్తి పోయినది. 1929లో వచ్చిన జనంలో 1932 నాటికి సగంమంది కూడ రాలేదు. దానికి తోడు, 1934 వరకు పెన్సిల్వేనియాలో ఆదివారం వృత్తి బేస్‌బాల్ ఆడరాదనే శాసనం ఉండేది. శ్రామికులకు తీరికైన ఆ ఒక్కదినాన మైదానం తలుపులు మూసి ఉండేవి. సిమన్స్‌ను 1932లో, గ్రోవ్, కాక్రన్‌లను 1933లో, ఫాక్స్‌ను 1935లో అమ్మినారు. శిస్తు కట్టుటకు ఎద్దుల నమ్ముకొన్న రైతు గతి ఇట్టిదే. ఆ ఏటి గండం గడుచును. మరుసటి ఏట అరక కట్టుటకు ఎద్దులుండవు.

ఇంకొక చిన్న ముచ్చట. మైదానం ప్రక్కవీధిలోని గృహస్థులు తమ మేడల మీదనుండి ఆట చూచేవారు. కొందరు డబ్బు తీసుకొని ఇతరులకు చూపించేవారు. 1935లో జట్టువారు 12 అడుగుల గోడ మీద మరి 22 అడుగుల ఎత్తున రేకులు బిగించి ఆ చూపును మూసివేసినారు. జనం దానికి ‘కక్షగోడ’ అని పేరు పెట్టినారు. రాబడి తగ్గిన జట్టు మొదట దూరం చేసుకొన్నది మేటి ఆటగాండ్రను, తరువాత ఇరుగుపొరుగును.

తప్పు మాక్‌దేనా? న్యూయార్కు యాంకీస్‌కు బీరు కర్మాగారాల ధనికుడు రూపర్ట్ అండగా ఉండినాడు. గ్రోవ్‌ను, ఫాక్స్‌ను కొన్న బోస్టన్ రెడ్ సాక్స్ యజమాని యాకీ వారసత్వంగా గొప్ప ఆస్తి పొందినవాడు. మాక్‌కు ఆటతప్ప వేరు రాబడి లేదు. ఆయన ఏబది సీజనులలో జట్టు తొమ్మిదిమార్లు లీగులో మొదటిదైనది. పదునేడుమార్లు అట్టడుగున నిలిచినది. ఆయన నేర్పు మారలేదు. పెట్టె నిండినప్పుడు జట్టు లేచినది, ఒట్టిపోయినప్పుడు పడినది.

1954లో జట్టును అమ్మివేసినారు. మరుసటి ఏట అది కాన్సస్ సిటీకి తరలినది. 1956లో తమ 93వ ఏట మాక్ కన్నుమూసినారు. 1968లో ఓక్లాండుకు చేరిన అథ్లెటిక్స్ 1972, 1973, 1974 సంవత్సరాలలో విజేతలైనారు. 1975 చివర వెలువడిన ఒక మధ్యవర్తి తీర్పుతో, ఒప్పందం ముగిసిన ఆటగాడు తనకు నచ్చిన జట్టుకు పోయే స్వేచ్ఛ లభించినది. ఆ మేటి ఆటగాండ్రు చెదరిపోగా, 1979లో జట్టు 108 ఆటలు ఓడినది. 2024 తరువాత ఓక్లాండును కూడ విడిచినది.

షైబ్ పార్కును 1976లో పడగొట్టినారు. కాగితం మీద జట్టు యజమానిది. కాని ఆ గోడల నడుమ కేకలు వేసిన లక్షలాది జనానికి అది తమదే. వారి సంతకం ఏ అమ్మకపు పత్రం మీదను లేదు.