సిగ్గుపడని గొంతు

పలాస నుంచి ఇచ్ఛాపురం వైపు వెళ్తుంటే వచ్చే చిన్న స్టేషన్ సుమ్మాదేవి. మా అమ్మమ్మ ఇల్లు అక్కడే. పిహెచ్‌డి రాస్తున్న రోజుల్లో సెలవులకి వెళ్ళి వెనక గదిలో లాప్‌టాప్ ముందేసుకుని కూచునేదాన్ని. ఓ మధ్యాహ్నం అమ్మమ్మ గుమ్మంలో నిలబడి, "ఎవలే గుంటా లోపల? ఎవుడాడు?" అంది. ఎవరూ లేరని, కంప్యూటరే నాకు పుస్తకం చదివి పెడుతోందని చెప్పాను. కాసేపు వింది. "ఆడు ఊపిరి తీసుకోడేటే?" అని వెళ్ళిపోయింది.

అప్పుడు నవ్వాను. తర్వాత ఆలోచిస్తే, ఊపిరి తీసుకోని ఆ గొంతే నాకెందుకు ఇష్టమో చెప్పుకోవాలనిపించింది.

నాకు పదహారో ఏట చూపు పోయింది. ఆ తర్వాత నా చదువంతా ఇతరుల గొంతుల్లో సాగింది. అమ్మ, అక్క, హాస్టల్లో స్నేహితురాళ్ళు చదివి పెట్టారు. వాళ్ళ రుణం తీర్చుకోలేనిది. కానీ ఒక రాత్రి జరిగింది మాత్రం మర్చిపోలేను. 1993లో ఓల్గా సంపాదకత్వంలో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనాన్ని ఒక స్నేహితురాలు నాకు చదువుతోంది. స్త్రీల శరీరం గురించిన ఒక కవిత దగ్గర ఆమె గొంతు తగ్గింది. పక్క మంచం మీద వేరే అమ్మాయిలున్నారు. "ఇదేదో ఉందిలేవే" అంటూ పేజీ తిప్పేసింది. కాగితం చప్పుడుని బట్టి తిప్పింది ఒక పేజీ కాదని తెలిసింది. చదవమని అడగడానికి నాకూ సిగ్గేసింది. సిగ్గుని ప్రశ్నించడానికి రాసిన కవిత్వం ఇద్దరాడపిల్లల సిగ్గుల మధ్య ఆగిపోయింది.

అంధ స్త్రీకి చదువుకోవడంలో ఏకాంతం ఉండదు. ఏం చదువుతోందో, ఏ వాక్యాన్ని మళ్ళీ చదవమంటోందో ఇంకొకరికి తెలిసిపోతుంది. సొంత గది గురించి ఇన్ని దశాబ్దాలుగా మాట్లాడుకుంటున్న మనం సొంత చెవి గురించి ఆలోచించామా?

2010 ప్రాంతంలో నాకా ఏకాంతం ఎన్‌విడిఎ రూపంలో దొరికింది. ఆస్ట్రేలియాకి చెందిన మైకేల్ కరన్ అనే అంధుడు 2006లో మొదలుపెట్టిన స్క్రీన్ రీడర్ అది. ఉచితం. అప్పటిదాకా పేరున్న జాస్ కొనడం మా ఇంట్లో ఊహకి కూడా అందని సంగతి. ఎన్‌విడిఎతో పాటు వచ్చే గొంతు ఎస్పీక్. జోనథన్ డడింగ్టన్ 1995లో ఏకార్న్ కంప్యూటర్ల కోసం మొదలుపెట్టిన ప్రోగ్రాం అది. మనిషి మాటల్ని రికార్డు చేసి అతికించేది కాదు, సూత్రాలతో ధ్వనిని పుట్టించేది. అందుకే చాలా చిన్నది, పాత కంప్యూటర్లో కూడా మీట నొక్కగానే పలుకుతుంది. తెలుగు కూడా పలుకుతుంది, రేకు డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు.

ప్రచురణకర్తల ఫైళ్ళు చాలావరకు అను ఫాంట్లలో ఉండేవి. వాటిని తెరిస్తే యంత్రానికి తెలుగు అక్షరం కనపడేది కాదు, అర్థంలేని గుర్తులు చదివేది. పుస్తకాలు స్కాన్ చేసి, అక్షరాలుగా మార్చుకుని, తప్పుల్ని ఓపిగ్గా దిద్దుకోవాల్సి వచ్చింది. అలా ఒక రాత్రి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ కవిత విన్నాను. గొంతు తగ్గలేదు, పెరగలేదు. శరీర భాగం పేరునీ, చెట్టు పేరునీ ఒకే తీరున పలికింది. రెండోసారి, మూడోసారి కూడా విన్నాను. ఎందుకని అడిగినవాళ్ళు లేరు.

ఆ గొంతు మగవాడి గొంతులా ఉంటుంది. ఒక సదస్సులో నా ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్న ఒక అధ్యాపకురాలు, "స్త్రీల సాహిత్యం మీద పని చేస్తూ మగ గొంతులో వింటావేం?" అని అడిగారు. వేళాకోళంగానే అన్నా ప్రశ్న సరైనదే. జవాబు కోసం యంత్రాల గొంతుల చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో బెల్ లేబొరేటరీస్ 'వోడర్' అనే మాట్లాడే యంత్రాన్ని ప్రదర్శించింది. రూపకర్త హోమర్ డడ్లీ. కానీ అది తనంతట తాను మాట్లాడేది కాదు. వేళ్ళతో మీటలు నొక్కుతూ, మణికట్టుతో ఒక కడ్డీని కదుపుతూ, కాలితో పెడల్ తొక్కి స్థాయి మారుస్తూ ఒక్కో ధ్వనిని పలికించాలి. ఆ పని చేసింది ఆడవాళ్ళు. మూడు వందల మందికి పైగా టెలిఫోన్ ఆపరేటర్లలోంచి ఇరవై పైచిలుకు మందిని ఎంచి, ఏడాది పాటు శిక్షణ ఇచ్చారు. వాళ్ళలో హెలెన్ హార్పర్ పేరు ఒక్కటే కాస్త వినపడుతుంది. ఎక్కువగా మగగొంతుతో పలికే ఆ యంత్రం వెనక ఉన్నవి ఆడవాళ్ళ చేతులు.

1984లో వచ్చిన డెక్‌టాక్‌కి మూలం ఎంఐటి శాస్త్రవేత్త డెనిస్ క్లాట్ పరిశోధన. అందులో ముందుగా పలికే 'పర్‌ఫెక్ట్ పాల్'ని తన గొంతు ఆధారంగా చేశాడు. 'బ్యూటిఫుల్ బెటీ'కి భార్య గొంతు, 'కిట్'కి కూతురి గొంతు ఆధారం. ఇల్లంతా యంత్రంలోకి చేరింది. పేర్లు చూడండి: మగ గొంతుకి పరిపూర్ణత, ఆడ గొంతుకి అందం! పేర్ల సంగతి అలా ఉంచితే, ఆడ గొంతు సహజంగా రాకపోవడానికి సాంకేతిక కారణం కూడా ఉంది. స్థాయి ఎక్కువగా ఉన్న గొంతులో స్వరాంశాల మధ్య దూరం ఎక్కువ, అచ్చుల్ని వేరుచేసే ప్రతిధ్వనుల్ని కొలవడం కష్టం. అయితే ఏది తేలికగా కొలవగలరో అదే ప్రమాణమై కూచుంది. మగ గొంతుని కొంచెం పైకి జరిపితే ఆడ గొంతు వచ్చేస్తుందన్న ఊహ చాలదని చూపిన ముఖ్యమైన పరిశోధనల్లో ఒకటి 1990లో డెనిస్ క్లాట్, లారా క్లాట్ పేర్లతో వచ్చింది. పదిమంది స్త్రీల, ఆరుగురు పురుషుల గొంతుల్ని పోల్చి, ఆడ గొంతులో కలిసే ఊపిరిని పరిశీలించారు. అప్పటికే డెనిస్ చనిపోయి ఏడాది దాటింది. మా అమ్మమ్మ అడిగింది కూడా ఊపిరి గురించే.

ఆ తర్వాత ఆడ గొంతులు బాగానే వచ్చాయి, కానీ ఏ పనికి? ఫోన్లలో చెప్పింది చేసే సహాయకురాలిగా. 2019లో యునెస్కో నివేదిక ఈ విషయాన్నే ఎత్తిచూపింది. ఇంగ్లీషు సిరికి ముందుగా ఏ గొంతూ పెట్టకుండా వాడేవాళ్ళనే ఎంచుకోమనడం 2021లో గానీ మొదలవలేదు. తియ్యటి ఆడ గొంతుకీ, విధేయతకీ ముడిపడ్డ ఈ కాలంలో గొంతు ఆడదైనంత మాత్రాన నా పక్షం అయిపోదు.

ఇక అంధుల ఇష్టాలు చూపున్నవాళ్ళ అంచనాలకి అందవు. అమెరికా భాషాశాస్త్రవేత్త సూజన్ హెర్ట్జ్ పరిశోధనలోంచి వచ్చిన ఎలొక్వెన్స్ చాలామంది ప్రాణంలా చూసుకునే గొంతు. రూపొందించింది స్త్రీ, ముందుగా పలికే గొంతు మాత్రం 'రీడ్' అనే మగ గొంతే. ఎంతో సహజమైన గొంతులు వచ్చాక కూడా 2022లో ఆపిల్ ఆ పాత గొంతుని ఐఫోన్లో చేర్చితే పండగ చేసుకున్నారు. కారణం మొండితనం కాదు. సూత్రాలతో పుట్టే గొంతు మూడింతల వేగంలోనూ స్పష్టంగా ఉంటుంది, వెంటనే పలుకుతుంది. సహజమైన గొంతు ఆ వేగంలో నలిగిపోతుంది. చూపున్నవాళ్ళు పేజీ మీద చూపు పరిగెత్తిస్తారు, మేం చెవిని పరిగెత్తిస్తాం.

తెలుగులోనూ గొంతులు పెరిగాయి. ఐఐటి మద్రాసులో హేమా మూర్తి సారథ్యంలో పలు సంస్థలు కలిసి భారతీయ భాషలకి చేసిన గొంతుల్లో తెలుగు మొదటి విడతలోనే ఉంది. ఈ మధ్య మైక్రోసాఫ్ట్ 'శ్రుతి', 'మోహన్' వచ్చాయి. నా స్నేహితురాలొకామె కథలన్నీ శ్రుతిలోనే వింటుంది. "రోజంతా రేకు డబ్బా విన్నాక మనిషి తోడు కావాలనిపిస్తుందే" అంటుంది. ఆమె మాటా నిజమే. నాకు మాత్రం ఆ గొంతు కథని నాకంటే ముందే అర్థం చేసేసుకున్నట్టు ఉంటుంది. ఎక్కడ బాధపడాలో అదే చెబుతుంది. ఎస్పీక్ ఆ పని నాకే వదిలేస్తుంది.

నా వాదన నన్నే గుచ్చిన చోటూ ఉంది. స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'ని ఈ గొంతులోనే చదివాను. అయిలమ్మ, మల్లు స్వరాజ్యం, ఇంకెందరో తెలంగాణ పోరాట స్త్రీలు చెప్పుకున్న మాటలు టేపుల్లోంచి అక్షరాలయ్యాయి. ఆ అక్షరాలు నా దగ్గర ఊపిరి లేని మగ గొంతయ్యాయి. ఎక్కడ ఆగారు, ఎక్కడ నవ్వారు, ఎక్కడ గొంతు పూడుకుపోయింది? అచ్చులోనే పోయినవాటిని ఏ యంత్రమూ తెచ్చివ్వలేదు. సిగ్గు లేని గొంతు నాకు అవసరమే. అయితే దానికి దుఃఖం కూడా లేదు.

మొన్న సుమ్మాదేవి వెళ్ళినప్పుడు కారా మాస్టారి 'యజ్ఞం'లో కొంత ఫోన్లో ఆడ గొంతుతో అమ్మమ్మకి వినిపించాను. మాటలు శ్రీకాకుళానివి, రాగం టీవీ వార్తలది. "సక్కగా సెప్తంది గానీ, ఈవిడి మనూరు మనిషి కాదే" అంది. ఉద్దానం ఆడవాళ్ళ మాటతీరు ఏ యంత్రంలోనైనా చేరాలంటే ఎవరో ఒకరు ఇక్కడికొచ్చి, జీడిపప్పు ఒలిచే ఆడవాళ్ళని కూచోబెట్టి, వాళ్ళ అనుమతితో, వాళ్ళ కష్టానికి డబ్బిచ్చి రికార్డు చేయాలి. ఆ గొంతు వచ్చిన రోజున అమ్మమ్మ చెప్పే కథల్లాంటివి అందులోనే వింటాను. అప్పుడు కూడా నా రేకు డబ్బాని తీసెయ్యొద్దనే అడుగుతాను. ఒంటరిగా చదువుకోవాల్సినవి నాకింకా చాలా ఉన్నాయి.