కొత్త జంటలూ చల్లని కొండలూ



పెళ్ళి పందిట్లో రాలిన తలంబ్రాలు ఇంకా ఊడ్చి ఎత్తకముందే ఎవరో ఒకరు పెళ్ళికొడుకుని అడుగుతారు, "ఊటీయేనా?" అని. అతను నవ్వుతూ తల ఊపుతాడు. పెళ్ళికూతురిని మాత్రం ఎవరూ అడగరు. కోలారు వైపు నాకు తెలిసిన ఒక రైతు కుటుంబంలో ఇలాగే జరిగింది. జ్యేష్ఠమాసం చివర్లో పెళ్ళి. ఆషాఢం వస్తే అమ్మాయి పుట్టింటికి వెళ్ళిపోవాలి గనక, ఉన్న నాలుగు రోజుల్లోనే హడావుడిగా ఊటీకి బయలుదేరారు. మైసూరు మీదుగా కల్లట్టి ఘాటు, 36 మలుపులు. ఆ అమ్మాయికి కారు ప్రయాణం పడదు. పైకి చేరేసరికి వాన. మూడు రోజులూ రెండు కంబళ్ళ కింద, కిటికీ తలుపులు బిగించుకుని గడిపారట. ఆలుమగల మొదటి పోట్లాట అక్కడే. "పడదని ముందే చెప్పొచ్చుగా" అని అతను. "నన్ను అడిగిందెవరు?" అని ఆమె.

ఆ మాట విన్నప్పుడు నాకు ఇంకో ప్రశ్న తోచింది. ఇంతకీ ఊటీయే ఎందుకు? కొత్త జంట వెళ్ళవలసిన చల్లని చోటు అదేనని మన తరఫున నిర్ణయించింది ఎవరు?

కథ రెండు వందల ఏళ్ళనాటిది. 1818లో కోయంబత్తూరు కలెక్టరు కింద పనిచేసే విష్, కిండర్‌స్లీ అనే ఇద్దరు దొరలు నీలగిరులెక్కి వచ్చి అక్కడి చలిని గురించి చెప్పారు. మరుసటి ఏడు కలెక్టరు జాన్ సలివన్ తానే కొండెక్కాడు. కొద్ది ఏళ్ళలోనే రాతి బంగళా కట్టాడు, చెరువు తవ్వించాడు. ఆ కొండల్లో అప్పటికే తోడలు బర్రెలు కాచుకుంటున్నారు, కోతలు, కురుంబలు, ఇరుళలు ఉన్నారు, బడగలు సేద్యం చేస్తున్నారు. బడగ అంటే ఉత్తరాదివాడని అర్థం. మనల్ని తమిళులు వడుగులు అంటారు చూడండి, ఆ మాటే ఇది. వాళ్ళు మైసూరు వైపు నుంచి కొండెక్కిన కన్నడ జాతి. మనలాగే వలస వచ్చిన దిక్కునే పేరుగా మోస్తున్నారు.

సలివన్ వెతికింది విలాసం కాదు. మైదానాల్లో జ్వరాలతో, కలరాతో దొరలూ వాళ్ళ పిల్లలూ రాలిపోతున్న రోజులవి. తమ దేశపు చలి ఇక్కడ దొరికితే ప్రాణాలు నిలుస్తాయని వాళ్ళ ఆశ. మన రాయలసీమవాళ్ళకు బాగా తెలిసిన సర్ థామస్ మన్రో సంగతే చూడండి. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల ప్రిన్సిపల్ కలెక్టరు, తర్వాత మద్రాసు గవర్నరు. 1826లో ఆయన ఊటీ కొండెక్కాడు, ఒంటరిగానే. జబ్బుపడిన పిల్లవాణ్ణి తీసుకుని భార్య ఆ ఏడే ఇంగ్లాండు ఓడెక్కింది. మరుసటి ఏడు జూలైలో, ఉద్యోగం వదిలి తానూ వెళ్ళిపోవలసినవాడు, పత్తికొండలో కలరాతో పోయాడు. ఆమెను మళ్ళీ చూడనే లేదు. సలివన్‌కైనా ఆ చలి పూర్తిగా కలిసిరాలేదు. ఆయన భార్య, కూతురు ఊటీలోనే సెయింట్ స్టీఫెన్ చర్చి సమాధుల్లో ఉన్నారు. ఇవాళ జంటలు ఫోటోలు తీసుకునే ఊరు మొదట ఇటువంటి భయాల మీద లేచింది.

పందొమ్మిదో శతాబ్దం రెండో భాగానికి ఊటీ మద్రాసు ప్రభుత్వపు వేసవి రాజధాని అయింది. ఎండలు ముదిరేసరికి గవర్నరుతో పాటు గుమాస్తాలూ దస్త్రాలూ కొండెక్కేవి. గంజాం భూముల సంగతైనా, బళ్ళారి కరువైనా, సేలం శిస్తయినా నిర్ణయం ఆ పొగమంచులోంచే దిగి రావాలి. ఈ ప్రసంగం వింటున్న మీలో చాలామంది తాతముత్తాతలు ఆ ప్రభుత్వం కిందివాళ్ళే. 1899లో మేట్టుపాళయం నుంచి కూనూరు దాకా పళ్ళపట్టా రైలు వచ్చింది, 1908లో ఊటీ చేరింది. 'సీజను' అన్న మాట అప్పటిది. ఏప్రిల్, మే, జూన్. అది ఆఫీసువాళ్ళ పంచాంగం, పెళ్ళిళ్ళవాళ్ళది కాదు. దొరలు పోయారు, సచివాలయం కొండెక్కడం మానేసింది, సీజను మాత్రం అలాగే మిగిలింది. ఇప్పటికీ మే నెలలో అందరూ అక్కడే. రద్దీ ఎంతగా పెరిగిందంటే, 2024 మే నెలలో మద్రాసు హైకోర్టు ఆదేశం మీద ఊటీ, కొడైకెనాల్ వెళ్ళే బండ్లకు ఈ-పాసు పెట్టవలసి వచ్చింది.

ఇక మన ఇళ్ళల్లో సంగతి. మా అమ్మమ్మల కాలంలో కొత్త జంట ప్రయాణమంటే మనుగుడుపులకు అత్తవారిల్లు, మొక్కు ఉంటే తిరుమల, లేదంటే ఇంటి దేవర గుడి. ఏకాంతమన్నది అందులో ఎక్కడా లేదు, వెంట కనీసం ఒక తోడపెళ్ళికూతురైనా ఉండేది. జంట ఒక్కతే కొండెక్కవచ్చన్న ఊహ సామాన్య కుటుంబాల దాకా తెచ్చింది సినిమా. యుగళగీతం రాగానే కథ ఏ ఊళ్ళో ఉన్నా హీరో హీరోయిన్లు ఊటీ గడ్డి మీద తేలేవారు. 1989లో వచ్చిన మణిరత్నం 'గీతాంజలి' ఆ పొగమంచును ఆంధ్రదేశమంతా పరిచింది. అది ప్రాణాంతక జబ్బులున్న ఇద్దరి కథన్న సంగతి జనం పట్టించుకోలేదు. మంచు గుర్తుంచుకున్నారు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. వెయ్యి అడుగులు ఎక్కితే సుమారు 2 డిగ్రీల వేడి తగ్గుతుంది. ఊటీ ఎత్తు ఇంచుమించు 7,300 అడుగులు, కొడైకెనాల్ 7,000. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఊటీ గడ్డి మీద మంచు గడ్డకడుతుంది. అది ఇంగ్లీషువాడి ఒంటికి హాయి. కోలారు, రాయచూరు ఎండల్లో పెరిగిన ఒంటికి హాయి అనిపించే చల్లదనం నాలుగైదు వేల అడుగుల దగ్గర దొరుకుతుందని నా అభిప్రాయం. అలాంటి కొండలు మన సరిహద్దుల పొడుగునా ఉన్నాయి.

మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండ 4,100 అడుగుల పైచిలుకు. కడప కలెక్టరు హార్స్‌లీ 1870 ప్రాంతంలో అక్కడ వేసవి బంగళా కట్టుకున్నాడు. అంతకుముందు దాని పేరు ఏనుగు మల్లమ్మ కొండ, ఏనుగులు సాకిన పిల్ల కథ ఇప్పటికీ చెబుతారు. కొండంతా యూకలిప్టస్. ఆ ఆస్ట్రేలియా చెట్టుకు మనం నీలగిరి చెట్టని పేరు పెట్టుకున్నాం, అంటే ఊటీ గాలి కొంత అక్కడికీ వచ్చినట్టే. సేలంవాళ్ళకు ఏర్కాడు కాఫీతోటలు. చిక్కబళ్ళాపురంవాళ్ళకు టిప్పు వేసవి విడిదీ, కబ్బన్ దొర బంగళా ఉన్న నందికొండ. కోరాపుట్, రాయగడ వాళ్ళకు అరకు దగ్గర. అక్కడి రైలుదారి వేసింది బైలదిల్లా ఇనుప ఖనిజం జపానుకు పంపడానికి, కొత్త జంటలు ఆ సొరంగాల్లో చేతులు పట్టుకోవడం తర్వాతి సంగతి. మహారాష్ట్ర తెలుగువాళ్ళకు మహాబలేశ్వరం ఉంది, మన కృష్ణమ్మ పుట్టిన చోటు.

పెళ్ళి ఏ మాసంలో జరిగిందో చూసుకుంటే సగం చిక్కు విడిపోతుంది. మాఘ ఫాల్గుణాల్లో పెళ్ళయితే ఊటీ ఖాళీగా ఉంటుంది, ఆకాశం తేటగా ఉంటుంది. చలికోటు మాత్రం కావాలి. శ్రావణమైతే మహాబలేశ్వరం పేరెత్తవద్దు, ఆ నాలుగు నెలల్లో అక్కడ 200 అంగుళాలు దాటి కురుస్తుంది. అప్పుడు కూనూరు, కోటగిరి మేలు, నైరుతి వానకు దొడ్డబెట్ట కొండ అడ్డు నిలుస్తుంది. కార్తీకంలో లెక్క తిరగబడుతుంది. ఈశాన్య వానలు కూనూరు వైపే కొడతాయి, కొండచరియలు విరిగి రైలు ఆగుతుంది. అప్పుడు అరకు వెళ్ళండి, వలిసె పూలతో చేలన్నీ పసుపుగా ఉంటాయి.

మిగతా సగం చిక్కు వాతావరణానిది కాదు. ఒకరికి రోజుకు పది చోట్లు చూడాలి, ఒకరికి ఒక్కచోట కూర్చోవాలి. దానికి పంచాంగం లేదు, అడిగి తెలుసుకోవలసిందే. పెళ్ళిలో ముహూర్తం, విందు, బట్టలు అన్నీ పెద్దలే చూస్తారు. ఆలుమగలు ఇద్దరే కూర్చుని తేల్చుకునే మొదటి సంగతి చాలా ఇళ్ళల్లో ఈ ప్రయాణమే.

ఊటీలో పోట్లాడుకున్న ఆ జంట మళ్ళీ ఏడు మాఘంలో హార్స్‌లీ కొండకు వెళ్ళారు. ఈసారి ఆమె అడిగిన చోటు. అతనికి రెండో పూటకే పొద్దుపోలేదు. మర్నాడు తెల్లవారకముందే కొండ దిగి మదనపల్లె టమాటా మార్కెట్టులో ధరలు కనుక్కుని, పదిగంటలకు ఇడ్లీ పొట్లంతో తిరిగొచ్చాడట. ఆమె అప్పటిదాకా చెట్ల కింద ఒక్కతే నడిచింది. ఇద్దరూ బాగానే గడిచిందని చెప్పారు.