5 లక్షల మంది తీసిన సినిమా

1976లో వచ్చిన 'మంథన్' సినిమా మొదట్లో, మామూలుగా నిర్మాత పేరు పడే చోట, గుజరాత్‌కు చెందిన 5 లక్షల మంది రైతులు ఈ చిత్రాన్ని సమర్పిస్తున్నారని పడుతుంది. అందులో అతిశయోక్తి లేదు. ఆ రాష్ట్రంలోని పాల సహకార సంఘాల సభ్యులు తలా 2 రూపాయలు వేసుకుంటే పోగైన 10 లక్షలతోనే ఆ సినిమా తయారైంది. తీసింది మన సికింద్రాబాద్ తిరుమలగిరిలో పుట్టి, నిజాం కాలేజీలో చదువుకున్న శ్యామ్ బెనెగల్.

సినిమా చూసి జనం చెడిపోతారనీ బాగుపడతారనీ మనం తరచూ వాదించుకుంటాం. హీరో జుట్టు చూసి జుట్టు పెంచుకున్న కుర్రాళ్లు ప్రతి తరంలోనూ ఉన్నారు. కానీ ఒక ఊరి ఆర్థిక వ్యవహారం, ఆ ఊళ్లో ఎవరి మాట చెల్లుతుందన్న లెక్క ఒక సినిమాతో కదలడం అరుదు. 'మంథన్' ఆ పని చేసింది. ఎలా చేయగలిగిందో తెలియాలంటే కథ ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

గుజరాత్‌లోని ఖేడా జిల్లా పాడికి పెట్టింది పేరు. 1940లలో అక్కడి పాలన్నీ పోల్సన్ అనే ప్రైవేటు డెయిరీకి చేరేవి. బొంబాయికి పాలు పంపే కాంట్రాక్టు ఆ కంపెనీదే. ఊళ్లలో పాలు పోగుచేసే దళారులు ఇచ్చిందే ధర. రైతులు సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ దగ్గరికి వెళ్లి మొర పెట్టుకుంటే, మీరే ఒక సంఘం పెట్టుకుని పాలు మీరే అమ్ముకోండని ఆయన దారి చూపించారు. పాలు పొయ్యకుండా సమ్మె కట్టారు. త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో 1946 డిసెంబరులో ఖేడా జిల్లా సహకార సంఘం రిజిస్టరైంది. తర్వాత అమూల్‌గా దేశమంతా ఎరిగింది దాన్నే. 1949లో ప్రభుత్వ ఉద్యోగం మీద ఆ జిల్లాలోని ఆనంద్ పట్నానికి ఇష్టం లేకుండానే వచ్చిన కేరళ ఇంజినీరు వర్గీస్ కురియన్, త్రిభువన్‌దాస్ మాట కాదనలేక అక్కడే ఉండిపోయారు. 1964లో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి ఆ జిల్లాలో ఒక పల్లెలో రాత్రి బస చేసి రైతులతో మాట్లాడాక, ఇలాంటి సంఘాలు దేశమంతా రావాలన్నారు. మరుసటి ఏడాది జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి బోర్డు ఏర్పడింది. 1970లో 'ఆపరేషన్ ఫ్లడ్' మొదలైంది. మనం క్షీర విప్లవం అంటున్నది దాన్నే.

పథకం కాగితం మీద బాగానే ఉంది. కానీ ఆనంద్‌లో ఒకటిన్నర తరం పాటు పెరిగిన నమ్మకాన్ని మరో రాష్ట్రంలోని మరో ఊరికి ఎలా మోసుకెళ్లాలి? జీపు దిగి వచ్చిన ఆఫీసరు సంఘం పెట్టమంటే, ఎవరికి లాభమని రైతు అనుమానంగా చూస్తాడు. అప్పిచ్చిన షావుకారే పాలు కొనేవాడైతే ఆ అనుమానానికి భయం కూడా తోడవుతుంది.

బెనెగల్ అప్పటికే కురియన్ కోసం ఈ పథకం మీద డాక్యుమెంటరీలు తీసి ఉన్నారు. వాటిని చూసేది ముందే ఒప్పుకున్నవాళ్లేనని ఆయనకు అర్థమైంది. జనం కూర్చుని చూడాలంటే కథ కావాలి, మనుషులు కావాలి, గొడవ కావాలి. ఆ మాటే కురియన్‌తో అన్నారు. మరి డబ్బు? పాల సంఘాల సభ్యులందరినీ ఒక్క రోజు పాల డబ్బులో 2 రూపాయలు తగ్గించుకొమ్మని అడిగారు కురియన్. వాళ్లు సరేనన్నారు. పెట్టుబడి సమస్య అక్కడితో తీరిపోయింది. రాజ్‌కోట్ దగ్గర సంగన్వా అనే పల్లెలో షూటింగ్ చేశారు. విజయ్ టెండూల్కర్ స్క్రీన్‌ప్లే, కైఫీ ఆజ్మీ మాటలు, గోవింద్ నిహలానీ కెమెరా, వనరాజ్ భాటియా సంగీతం. గిరీశ్ కర్నాడ్, స్మితా పాటిల్, నసీరుద్దీన్ షా, అమ్రీష్ పురి, కుల్‌భూషణ్ ఖర్బందా నటించారు.

ఈ సినిమాలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది దాని నిజాయితీ. ప్రచారం కోసం రైతులే డబ్బు పెట్టి తీయించిన సినిమా అంటే, సంఘం పెట్టగానే ఊరంతా సుఖపడినట్టు చూపిస్తారని అనుకుంటాం. బెనెగల్ అలా చూపించలేదు. పట్నం నుంచి వచ్చిన పశువైద్యుడు డాక్టర్ రావుకు ఊళ్లోని కులాల లెక్క తెలియదు. పాల వ్యాపారి మిశ్రా తియ్యగా మాట్లాడుతూ గోతులు తవ్వుతాడు. సర్పంచ్ సంఘానికి మొదట అడ్డం చెప్పడు, అదీ తన చేతిలోనే ఉంటుందని అతని ధీమా. దళితవాడ వాళ్లు ఓటేసి సంఘం ఎన్నికలో అతన్ని ఓడించాక అసలు రంగు బయటపడుతుంది. వాడలో గుడిసెలు కాలిపోతాయి. రావు బృందంలోని కుర్రాడే ఒకడు వాడలోని అమ్మాయితో తప్పుగా నడుచుకుంటాడు. రావు మీద వాడలోని బిందు అనే ఆమె చేత అబద్ధపు ఫిర్యాదుకు వేలిముద్ర వేయిస్తారు. చివరికి రావుకు బదిలీ అవుతుంది, రైలెక్కి వెళ్లిపోతాడు. సంఘాన్ని నిలబెట్టడానికి పూనుకునేది మొదట అతన్ని నమ్మని వాడ కుర్రాడు భోలా. పట్నం నుంచి వచ్చినవాడు పోయినా పని ఆగకూడదన్న సంగతి ఉపన్యాసం లేకుండానే చూసేవాళ్లకు అందుతుంది.

ఇంకొకటి, పాల పరీక్ష. సినిమాలో రావు బృందం ఊళ్లోకి దిగగానే పాల శాంపిళ్లు సేకరించడం మొదలుపెడుతుంది. పాడి తెలిసినవాళ్లకు ఇది చిన్న విషయం కాదని తెలుసు. బ్యుటిరోమీటర్ అనే గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తారు. దాని మీద పాలు కొలిచి మెల్లగా వదులుతారు. 1 మిల్లీలీటరు ఎమైల్ ఆల్కహాల్ చేర్చి, బిరడా బిగించి, కుదిపితే గొట్టం చేతికి కాలేంత వేడెక్కుతుంది. దాన్ని యంత్రంలో పెట్టి గిరగిరా తిప్పితే వెన్న విడిపోయి సన్నటి మెడ భాగంలోకి చేరుతుంది. ఆ మెడ మీద గీతలుంటాయి. ఎన్ని గీతలకు వెన్న నిలబడిందో అదే వెన్న శాతం, దాన్ని బట్టే ధర. చిక్కటి గేదె పాలు పోసి నీళ్ల పాల ధర పుచ్చుకున్న మనిషికి, తన పాలలో ఎంతుందో కళ్లతో చూసుకోవడం అదే మొదటిసారి. అంతవరకూ దళారి నోటి మాటే లెక్క. పూటకోసారి అందరూ ఒకే వరసలో నిలబడాలి, అందరి పాలూ ఒకే క్యానులో పడాలి. ఏ ఇంటి పాలు ఏవో ఆ క్యానులో తెలియదు. ఊరి కట్టుబాట్లలో అది ఎంత పెద్ద మార్పో మన పల్లెల్లో పెరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

సినిమా ముందు గుజరాత్‌లో విడుదలైంది. పెట్టుబడి పెట్టిన రైతులు లారీలు కట్టించుకుని, ఎడ్లబళ్ల మీద పట్నాలకు వచ్చి చూశారు. తాము డబ్బు పెట్టిన సినిమా తాము చూడకపోతే ఎలా అని కుటుంబాలతో కదిలారు. జాతీయ స్థాయిలో ఉత్తమ హిందీ చిత్రంగా అవార్డు వచ్చింది, టెండూల్కర్‌కు స్క్రీన్‌ప్లే అవార్డు వచ్చింది, ఆస్కార్ పోటీకి దేశం తరఫున వెళ్లింది. ఇవన్నీ మంచివే, కానీ అసలు కథ థియేటర్ల తర్వాత మొదలైంది.

16 ఎం.ఎం. ప్రింట్లు తీయించి, సహకార సంఘాలు లేని ఊళ్లకు పంపారు. ప్రింటుతో పాటు మనుషుల్నీ పంపారు. ఒక పశువైద్యుడు, పాల పరీక్ష తెలిసిన సాంకేతిక నిపుణుడు, పశుగ్రాసం సంగతి తెలిసినవాడు. అంటే తెర మీద రావు బృందం ఎలా ఉందో అలాంటి బృందమే ప్రొజెక్టరు పట్టుకుని ఊళ్లోకి దిగింది. రాత్రి సినిమా వేసేవారు. చూసినవాళ్లకు మిశ్రా ఎవరో, సర్పంచ్ ఎవరో ఎవరూ చెప్పాల్సిన పని ఉండేది కాదు, తమ ఊళ్లోనూ వాళ్లున్నారు. తెల్లారేసరికి సంఘం పెట్టడానికి కావలసిన మనిషి పక్కనే ఉన్నాడు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈ సినిమాను ఇతర దేశాల్లోనూ చూపించింది.

నా ఉద్దేశంలో 'మంథన్' రహస్యం ఇదే. కోపం, ఆశ కలిగించే సినిమాలు చాలా ఉన్నాయి. ఆ కోపంతో, ఆ ఆశతో మర్నాడు పొద్దున్నే ఎక్కడికి పోవాలో చూపించినవి తక్కువ. మనకు 1938లోనే గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' ఇచ్చారు, మరుసటి ఏడాది 'రైతుబిడ్డ' ఇచ్చారు. అంటరానితనం మీద, జమీందారీ మీద అంత సూటిగా మాట్లాడటానికి ఆ రోజుల్లో ఎంత గుండె కావాలో ఊహించుకోవచ్చు. 'రైతుబిడ్డ' మీద జమీందార్లు మండిపడ్డారు, కొన్నిచోట్ల నిషేధం కూడా పడింది. నిర్మించిన సారథి సంస్థ వెనక ఉన్నది చల్లపల్లి జమీందారీ కుటుంబమే కావడం ఆ చరిత్రలో విశేషం. ఆ సినిమాల బలం ఎంతో వాటిని చూసి భయపడ్డవాళ్లు చెప్పారు. 'మంథన్' బలాన్ని చూసి కదిలినవాళ్లు చెప్పారు.

క్షీర విప్లవం మొత్తం ఒక సినిమా పుణ్యమేనంటే అది అబద్ధమవుతుంది. యూరప్ దేశాలు ఉచితంగా ఇచ్చిన పాలపొడి, బటర్ ఆయిల్ అమ్మగా వచ్చిన సొమ్ము, శీతలీకరణ కేంద్రాలు, రైలు ట్యాంకర్లు, కురియన్ మొండితనం, లక్షలాది ఆడవాళ్ల చాకిరీ అన్నీ కలిస్తేనే 1998 నాటికి భారత్ పాల ఉత్పత్తిలో ప్రపంచంలో మొదటి స్థానానికి వచ్చింది. ఊరి గుమ్మం దగ్గర తలుపు తెరిపించడంలో సినిమా సాయపడింది. ఆ సాయం చిన్నది కాదు.

ఆడవాళ్ల మాట వచ్చింది కాబట్టి ఒక లోటు చెప్పాలి. గడ్డి కోసేది, కుడితి పెట్టేది, పాలు పితికేది ఇంటి ఆడది. సంఘంలో సభ్యత్వం మాత్రం చాలాచోట్ల మగవాడి పేరు మీదే ఉంటుంది. సినిమాలో బిందు అంత తెలివిగల మనిషి, ఆమె బతుకును మొగుడు, వ్యాపారి కలిసి తలకిందులు చేస్తారు. ఆ ముడిని సినిమా చూపించింది, విప్పలేకపోయింది. పాతికేళ్ల తర్వాత తెలంగాణలో ములుకనూరు ఆడవాళ్లు తమకంటూ పాల సహకార సంఘం పెట్టుకుని, డెయిరీ కట్టుకుని, 'స్వకృషి' పేరుతో పాలు అమ్మి చూపించారు. సభ్యులూ వాళ్లే, పాలకవర్గమూ వాళ్లే.

సహకార సంఘాల డబ్బుతో సినిమా తీసే పద్ధతిని బెనెగల్ మళ్లీ ప్రయత్నించారు, ఈసారి మన దగ్గరే. 1987లో పోచంపల్లి చేనేత మీద 'సుస్మన్' తీశారు, చేనేత సహకార సంఘాలు ఆర్థికంగా తోడు నిలిచాయి. కూతురి పెళ్లి చీర కోసం పట్టు దాచుకున్న నేతగాడు రాములుగా నటించడానికి ఓం పురి మగ్గం మీద కూర్చుని నేత నేర్చుకున్నారు. మంచి సినిమా. కానీ 'మంథన్'కు దొరికిన దారి దానికి దొరకలేదు. పాలకు పూటపూటకూ లెక్క తేలుతుంది, రైతుకు నమ్మకం రోజుల్లోనే కుదురుతుంది. చీరకు నూలు అప్పు, రంగు అప్పు, రోజుల తరబడి నేత, ఆ తర్వాత అమ్మకం. నూలు అప్పిచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్‌కు బాకీ పడ్డ మనిషి సినిమా చూసి లేచి వెళ్లడానికి, తన చీర మర్నాడే కొనే కేంద్రం ఊళ్లో లేదు.

2024లో 'మంథన్'ను పునరుద్ధరించి మళ్లీ ప్రాణం పోశారు. ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ పూనుకుంటే, అమూల్ సమాఖ్య డబ్బిస్తే, చెన్నైలో ఎల్.వి.ప్రసాద్ స్థాపించిన సంస్థలో పని జరిగింది. మే నెలలో కాన్ ఉత్సవంలో ప్రదర్శించారు. జూన్‌లో దేశంలోని నగరాల్లో మళ్లీ థియేటర్లకు వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 23న బెనెగల్ వెళ్లిపోయారు. కాన్‌లో చప్పట్లు కొట్టించుకున్న సినిమా మన ఊళ్లకు ఇంకా రావాల్సి ఉంది. చక్కటి పల్లె తెలుగులో మాటలు రాయించి, పాలకేంద్రాలున్న ప్రతి ఊళ్లో పంచాయతీ ఆఫీసు ముందు తెర కట్టి వేయవచ్చు. తెర పక్కనే వెన్న శాతం చూసే మిషను ఉంచి, ఎవరి పాలు వాళ్ల ముందే పరీక్షించి, కేంద్రం ఇచ్చే చీటీతో సరిపోల్చుకొమ్మని చెప్పవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల పాడి సమాఖ్యలూ తలుచుకుంటే ఒక్క వేసవిలో అయ్యే పని.