భయం లేని పంక్తి

కడప, కర్నూలు వైపు చెనక్కాయ, అదే వేరుశనగ, లేని పూట ఉండదు. సంగటిలోకి ఊరుబిండి, దోసెలోకి చట్నీ, గుత్తివంకాయలోకి పొడి, సాయంత్రం పూట బెల్లం పాకంలో ఉండలు. సర్కారు బళ్లలో 2020 నుంచి మధ్యాహ్న భోజనంలో చేరిన చిక్కీ కూడా దాంతో చేసిందే. వానలు మొహం చాటేసే ఈ మెట్ట నేలల్లో రైతు ఇంటినీ, పిల్లల ఒంటినీ నిలబెట్టిన పంట అది. ఆ పంటే ఒక బిడ్డ ఒంటికి పడదని తేలితే ఆ ఇంటివాళ్ల తిప్పలు ఇన్నీ అన్నీ కావు. పెళ్లి విందుకు పోవాలన్నా, చుట్టాలింట్లో రెండు రోజులు వదలాలన్నా బెంగే. ‘కొంచెం తింటే ఏం కాదులే నాయనా’ అని ముద్దుగా నోట్లో పెట్టబోయే అవ్వ చెయ్యి చూసినా గుండె గుభేలుమంటుంది. ఎండాకాలం సెలవుల్లో తోటి పిల్లలంతా శిబిరాలకు పోతుంటే ఆ బిడ్డ గడప దాటదు.

అట్లాంటి పిల్లల కోసమే వేసవి శిబిరాలు పెట్టినవాళ్లు ఉన్నారు. ఆ ఆలోచన ఆచరణలోకి రావడం వెనక నూరేళ్ల శాస్త్రం, కొందరు తల్లుల పట్టుదల ఉన్నాయి.

మొదటి అడుగు సముద్రం మీద పడింది. 1901లో మొనాకో పాలకుడు ఒకటవ ఆల్బర్ట్ ఓడలో ప్రయాణించిన ఫ్రెంచి శాస్త్రవేత్తలు షార్ల్ రిషే, పాల్ పోర్టియే సముద్రజీవుల విషం మీద పరిశోధన మొదలుపెట్టారు. పారిస్‌కు తిరిగొచ్చాక సీ అనిమోన్ విషాన్ని కొద్ది మోతాదులో కుక్కలకు ఎక్కించారు. ఒకసారి అలవాటు పడితే రెండోసారి ఒళ్లు తట్టుకుంటుందని వాళ్ల ఆశ. జరిగింది దానికి పూర్తిగా విరుద్ధం. నెప్ట్యూన్ అనే కుక్క మొదటిసారి బాగానే ఉంది. మూడు వారాలు దాటాక మళ్లీ ఇస్తే క్షణాల్లో ఊపిరాడక కూలబడి, అరగంట లోపే చనిపోయింది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే తిరగబడగలదని అప్పుడు తెలిసింది. ఆ స్థితికి రిషే అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. 1913లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

తిండికీ దీనికీ ఉన్న లంకె 1921లో జర్మనీలో బయటపడింది. హైంజ్ కూస్ట్నర్ అనే వైద్యుడికి వండిన చేప పడేది కాదు. ఆయన రక్తం నుంచి తీసిన సీరమ్‌ను సహచరుడు కార్ల్ ప్రౌస్నిట్జ్ తన చర్మంలోకి ఎక్కించుకున్నారు. మర్నాడు అదే చోట చేప సారాన్ని ఎక్కించుకుంటే అక్కడ దద్దురు లేచింది. అలర్జీని కలిగించే పదార్థమేదో రక్తంలోనే ఉందని అట్లా రుజువైంది. 1966లో అమెరికాలో పనిచేస్తున్న జపాన్ శాస్త్రవేత్తలు ఇషిజాకా దంపతులు అది ఐజీఈ అనే ప్రతిరక్షకమని గుర్తించారు. ‘తిండి దగ్గర వేషాలేస్తున్నాడు’ అని ఈ పిల్లల్ని కసిరే పెద్దలు తెలుసుకోవాల్సిన కథ ఇది.

ప్రాణం నిలిపే మందు అంతకు ముందే వచ్చింది. జపాన్ రసాయన శాస్త్రవేత్త జోకిచి తకామినె అడ్రినలిన్‌ను శుద్ధ రూపంలో వేరుచేసిన వివరాలు 1901లో వెలువడ్డాయి. కానీ సిరంజిలోకి మందు తీసి, కొలిచి, పొడవడం కంగారులో ఉన్న తల్లికో పంతులుకో అయ్యే పని కాదు. విషవాయువుల నుంచి సైనికుల్ని కాపాడేందుకు షెల్డన్ కాప్లన్ అనే ఇంజనీరు తయారుచేసిన ఇంజెక్షన్ పరికరమే ఆ తర్వాత ఎపిపెన్ అయింది. 1987లో అమెరికా దాన్ని అనుమతించింది. గుడ్డల మీద నుంచే తొడకు నొక్కితే మందు కండరంలోకి దిగుతుంది.

ఇక శిబిరం ఆలోచన చక్కెర జబ్బు పిల్లల నుంచి వచ్చింది. 1922లో టొరంటోలో 14 ఏళ్ల లెనార్డ్ థాంప్సన్‌కు ఇన్సులిన్ ఇచ్చారు. నాలుగేళ్లు తిరగకుండానే, 1925లో, మిషిగన్ రాష్ట్రంలో డాక్టర్ లెనార్డ్ వెండ్ట్ చక్కెర జబ్బు పిల్లలకు మొట్టమొదటి శిబిరం నడిపారు. ఇంజెక్షన్ అందరూ వేసుకునే చోట ఏ ఒక్కరూ వింతగా కనిపించరు. తర్వాత ఉబ్బసం పిల్లలకూ శిబిరాలు వచ్చాయి.

తిండి అలర్జీ పిల్లల వంతు రావడానికి మాత్రం చాలా ఆలస్యమైంది. వాళ్లకు అపాయం వంటింట్లోనే ఉంటుంది కాబట్టి, పొట్లంలో ఏముందో తెలియకుండా నూరుమందికి వండేదెట్లా? కూతురికి పాలు, గుడ్లు పడక అల్లాడిన ఆన్ మున్యోజ్ ఫర్లాంగ్ అనే తల్లి 1991లో ఫుడ్ అలర్జీ నెట్‌వర్క్‌ను స్థాపించారు. అమెరికాలో 2004లో చేసిన చట్టం 2006 నుంచి అమలైంది. పాలు, గుడ్లు, వేరుశనగ వంటి ఎనిమిది రకాల పదార్థాల పేర్లు పొట్లం మీద అందరికీ అర్థమయ్యేట్టు రాయడం దాంతో తప్పనిసరైంది. మన దేశంలో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 నిబంధనలు కూడా వేరుశనగ సహా అలర్జీ పదార్థాల్ని లేబుల్ మీద ప్రకటించాలంటున్నాయి.

ఆ పునాది మీద శిబిరాలు లేచాయి. ఎలినార్ గ్యారో హోల్డింగ్ అనే మరో తల్లి 2011లో క్యాంప్ ట్యాగ్ మొదలుపెట్టారు. ట్యాగ్ అంటే ‘ది అలర్జీ గ్యాంగ్’. అక్కడికి అలర్జీ ఉన్న పిల్లలతో పాటు వాళ్ల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూడా వస్తారు. ఇంట్లో ఒకరికి పడకపోతే మిగతావాళ్లూ ఎన్నో వదులుకుంటారు కదా. ఓరెగాన్ రాష్ట్రంలో లూయీస్ టిపెన్స్ స్థాపించిన క్యాంప్ బ్లూ స్ప్రూస్‌లో పిల్లలు రాత్రిళ్లు కూడా ఉంటారు. ఈ శిబిరాలు సాధించిన గొప్ప మార్పు ఒక్కటే: అప్పటిదాకా బిడ్డ ఒక్కడే మోసిన జాగ్రత్తను వంటిల్లు తన భుజాన వేసుకుంది.

ఆ జాగ్రత్త ఎట్లుంటుందో దగ్గర నుంచి చూద్దాం. చెనక్కాయ చట్నీ రుబ్బిన మిక్సీ జారును పైపైన తొలిచి కొబ్బరి వేసినా మాంసకృత్తు మూత సందుల్లో మిగిలే ఉంటుంది. ఒకే గరిటె రెండు గిన్నెల్లో తిరిగితే చాలు. మనం మెచ్చుకునే గానుగ నూనెలో ఆ మాంసకృత్తు ఉండిపోవచ్చు. బాగా శుద్ధి చేసిన నూనెలో దాదాపు ఉండదు. వేయించితే అపాయం పోతుందనుకోవద్దు. ఉడకబెట్టిన చెనక్కాయల కంటే వేయించినవే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. చేతికి అంటిన మాంసకృత్తు సబ్బుతో కడిగితే పోతుంది గానీ శానిటైజర్ రుద్దితే పోదు. అందుకే ఇట్లాంటి శిబిరంలో పిల్లలకు పడని సరుకును గేటు దగ్గరే ఆపాలి. వడ్డించేవాళ్లు కూడా సబ్బుతో చేతులు కడుక్కునే లోపలికి రావాలి.

మన పక్కనే బెంగళూరు, మైసూరు ప్రాంతాల్లో తిండి అలర్జీల మీద జరిగిన యూరోప్రివాల్ సర్వేలో పెద్దవాళ్ల ఫలితాలు 2016లో వచ్చాయి. వాళ్లలో 26.5 శాతం మంది రక్తంలో ఏదో ఒక ఆహారానికి ఐజీఈ కనిపించినా, అలర్జీ ఉన్నట్టు గట్టిగా అనిపించింది 1.2 శాతం మందిలోనే. 2020లో వచ్చిన పిల్లల ఫలితాల్లో అది 0.14 శాతం. రక్తపరీక్ష కాగితం ఒక్కటే చూసి బిడ్డకు తిండి మాన్పించకూడదని ఈ లెక్క చెబుతోంది. ఇంకో మాట కూడా చెబుతోంది. అరుదైన జబ్బున్న బిడ్డకు బడిలో తనలాంటి ఇంకో బిడ్డ కనిపించడు. తక్కువ మందే కదా అని వదిలేస్తే ఆ ఒంటరితనం తీరేదెన్నడు? తక్కువ మంది కాబట్టే వాళ్లను ఒకచోట చేర్చే పని ఎవరో ఒకరు చెయ్యాలి.

ఆ పని కడపలో సాధ్యమే. ఎండాకాలం ఆటల శిబిరాలు మనకు కొత్త కాదు. మొదట ఒక్క రోజు చాలు. ఒక బడి ఆవరణ, కొత్త గిన్నెలు, వచ్చే పిల్లలకు ఏమేం పడవో ముందే రాసుకున్న జాబితా, దాన్ని బట్టి రాగి సంగటి, ఆకుకూర, మామిడిపండు. ఎపిపెన్ మన మందుల షాపుల్లో సులువుగా దొరకదు కాబట్టి అడ్రినలిన్ ఆంపూళ్లు, సిరంజిలు పట్టుకుని ఒక పిల్లల డాక్టరు, నర్సు అక్కడే ఉండాలి. ఊపిరి బిగిసిందంటే తొడకు అడ్రినలిన్ ముందు, 108కి ఫోను వెంటనే. అలర్జీ మాత్ర వేసి కాచుక్కూర్చోవడం పనికిరాదు.

పిల్లల డాక్టర్లు, బడి పంతుళ్లు, వంటవాళ్లు కలిసి కూర్చుంటే వచ్చే మే నెలకే ఇది జరుగుతుంది. ‘ఇందులో ఏమేసినారు?’ అని అడగకుండా అందరితో పాటు ఒకే పంక్తిలో కూర్చుని కడుపునిండా తినడం ప్రతి బిడ్డ హక్కు. ఆ హక్కు నిలబెట్టాల్సింది మనం, పెద్దవాళ్లం.